కుడిచేతి జొన్నకంకి

లచ్చి మూట విప్పుతుంటే వనజ ఆమె మొఖం చూడలేదు, చేతులు చూసింది. ఆ చేతులు ఏదన్నా దాస్తున్నాయా, ఒక ముక్క తక్కువ తీస్తున్నాయా అని. లచ్చికి అదేమీ పట్టలేదు. ఎల్లారెడ్డి అవతలి తండా నుంచి కామారెడ్డి దాకా బస్సులో నిలబడే వచ్చినట్టుంది, కాళ్లు బార్లా చాపుకొని కూర్చుంది. పంటితో ముడి విప్పి, కుట్టి తెచ్చిన జాకెట్టు ముక్కలను ఒక్కొక్కటే మోకాలి మీద పరిచి, అరచేత్తో సాపు చేసి అందిస్తోంది. పక్కనే అద్దాల డబ్బా. ఒకప్పుడు బిస్కెట్లు వచ్చిన రేకు డబ్బా అది. వనజ హైదరాబాదు నుంచి తెప్పించే అద్దాలు, పట్టుదారాలు, సూదులు అందులోనే తండాకు పోతాయి, అందులోనే తిరిగొస్తాయి. దుకాణం తెరిచిన నాటి నుంచి ఆ డబ్బా ఇద్దరి మధ్య బస్సు ప్రయాణాలు చేస్తూనే ఉంది. ఎవరూ ఒక్కనాడైనా మూత తీసి తనిఖీ చేసింది లేదు.

ఇవాళ వనజ మూత తీసింది. ఏ రంగులు అయిపోయాయో చూద్దామని తీశానని, లచ్చి అడగకముందే సంజాయిషీ కూడా ఇచ్చుకుంది.

"సూడు చెల్లె, నీదే గదా డబ్బ," అంది లచ్చి. అని, అన్నిటికన్నా అడుగున పెట్టిన మెరూన్ ముక్కలు తీసింది. "ఇగో నీ జొన్నకంకి. కండ్లు పోయినయనుకో."

కుడిచేతి ముక్క మీద అంచు నుంచి భుజం దాకా ఒకే ఒక్క జొన్నకంకి. గింజగింజకూ చిన్న అద్దం, అద్దం చుట్టూ పసుపుదారం. ఎడమచేతి ముక్క ఖాళీ. పైట కిందికి పోయే చేతికి పనితనం ఎందుకు దండగ అని వనజ అట్లా గీసింది. ఆ ఖాళీ ముక్క అంచున మాత్రం నల్లదారంతో ఒక చిన్న అడ్డకుట్టు, దాని మీద నిలువుకుట్టు. అది లచ్చి సొంతం. ఏది కుట్టినా చివరికి ఎడమవైపు, ఎవరి కంటా పడని చోట ఆ దిష్టికుట్టు వేస్తే గాని సూది కింద పెట్టదు. ఆమె తల్లి వేసేది, ఈమె వేస్తుంది. కొనేవాళ్లు ఎన్నడూ చూడలేదు, చూసినా దారం పోగనుకునేవాళ్లు.

మంచిగున్నది అనాలి. వనజ మాత్రం, ఇది ఎవరికన్నా చూపించినావా అని అడిగింది. ఎవలకు సూపెడత, మేకలకా అని లచ్చి నవ్వింది. ఆ నవ్వు కూడా వనజకు అవసరమైనదానికన్నా ఒక రవ్వ ఎక్కువగానే కనిపించింది.

అనుమానం దసరా ముందరే పడింది. వనజ తల బద్దలుకొట్టుకొని గీసిన రెండు డిజైన్లు, పది రోజులు తిరక్కుండా గంజి మార్కెట్టు దగ్గరి పెద్ద షాపులో బొమ్మల ఒంటి మీదికి ఎక్కాయి. కంప్యూటర్ మిషను పని, ప్లాస్టిక్ అద్దాలు, సగానికి సగం ధర. పెండ్లిళ్ల సీజన్ ముందర ఇంకో రెండు అట్లాగే పోతే షట్టర్ దించుకోవడమే. గీసింది తను, కుట్టింది లచ్చి. మూడో మనిషి ఎవరు? ఫేస్‌బుక్కులో పెట్టినవు గదా, లోకమంతా చూస్తది అని వనజ భర్త జీవన్ మొదట్లోనే అన్నాడు. వనజ ఇంతెత్తున లేచింది. తన పేజీలో ఉన్నవాళ్లు నిజామాబాదు, కరీంనగర్, హైదరాబాదు ఆడవాళ్లు, మర్యాదస్తులు. అక్కా సూపర్, అక్కా ఎంత ఓపిక అని రాసేవాళ్లు. మెచ్చుకునేవాళ్లు దొంగలెట్లా అవుతారు? దొంగ ఎప్పుడూ దగ్గరి మనిషే అయి ఉంటుందని ఆమె లెక్క.

అందుకని పరీక్ష పెట్టింది. ఈ జొన్నకంకిని పేజీలో పెట్టదు. ఒట్టు. ఇది కూడా బొమ్మకు ఎక్కిందంటే ఇక తేలిపోయినట్టే.

ఒట్టు వేయడం సులువే, ఉండటమే కష్టమైంది. వనజ పొద్దున కండ్లు తెరవగానే దిండు కింద తడిమేది ఫోనునే. కత్తెర పట్టుకున్న చెయ్యి మధ్యలో ఆగి ఫోను తీస్తుంది, ఎన్ని లైకులొచ్చాయో చూస్తుంది, మళ్లీ కత్తెర పడుతుంది. ఆ సందులో ఒకనాడు ఎవరిదో పట్టుగుడ్డ మెడ లోతుగా కోసి, కొత్తది కొనిచ్చింది. పేజీలో ఏమీ పెట్టకపోయేసరికి లైకులు రావడం ఆగింది. అవి ఆగేసరికి తనను అందరూ మరిచిపోయారని దిగులు పట్టింది. అన్నం సయించలేదు. గుమ్మంలో చాట ముందర కూర్చొని బీడీలు చుట్టే అత్త దుర్గవ్వ, కోడలు నిమిషానికోసారి ఫోను తీసి పెట్టడం చూసి, నాకు తంబాకు వాసన లేంది తల నొస్తది, నీకు గా ఫోను లేంది నొస్తున్నట్టున్నది అంది.

జాకెట్టు కుట్టిన రెండో రోజే ఇంట్లో శుభకార్యం వచ్చింది. జీవన్ మేనకోడలికి చీరె ఫంక్షన్. జొన్నకంకి వనజే తొడుక్కుంది, ఒంటి మీద ఎట్లా కూర్చుంటుందో చూడాలి గదా. పైట చిన్నగా మడిచి భుజం మీదికి పిన్ను పెట్టింది. దుకాణంలో కొనేవాళ్ల కోసం పెట్టిన నిలువుటద్దం ముందర నిలబడి, అద్దంలో తనను తాను ఒక ఫోటో తీసుకుంది. ఎన్నాళ్లకో మనసుకు నచ్చిన ఫోటో. ప్రొఫైల్‌కు పెట్టుకుంది. పేజీలో పెట్టలేదు సుమా. ఇది డిజైన్ ఫోటో కాదు, తన ఫోటో. సాయంత్రానికి నాలుగు వందల లైకులు దాటాయి. ఫంక్షన్‌లో వడ్డనకు కూడా లేవకుండా ఒక మూల కుర్చీలో కూర్చొని అవే చూసుకుంది. ఆ రోజు అన్నం కూడా సయించింది.

తరువాతి గురువారం దారాల కోసం గంజి దిక్కు పోయింది. పెద్ద షాపు ఎదురుగా రోడ్డు దాటబోయి ఆగిపోయింది. గాజు వెనుక బొమ్మకు మెరూన్ జాకెట్టు. చేతి మీద జొన్నకంకి. ఇంకో చేతి అంచున నల్లటి ప్లస్ గుర్తు సైతం ఉంది. ఆ బొమ్మకు ఎదురుగా, షాపు మెట్ల మీద, మూట చంకన పెట్టుకొని నిలబడ్డది ఎవరో కాదు, లచ్చి.

వనజ దారాలు కొనలేదు. అడ్డసందుల్లో పడి దుకాణానికి వచ్చి, బల్ల వెనుక నిలబడి ఎదురుచూసింది. అనుకున్నదే నిజమైనప్పుడు మనిషికి బాధతో పాటు ఒక పాడు సంతోషం కూడా కలుగుతుంది. చూసినావా నేను చెప్పలేదా అని జీవన్‌తో ఏ మాటలతో అనాలో కూడా అనుకుంది.

లచ్చి వచ్చేసరికి దుకాణంలో అంజలి ఉంది. స్టేషన్ రోడ్డులో ఉండే టీచరమ్మ, పాత గిరాకీ, మంచి చెడ్డ అన్నీ నలుగురికీ చేరవేసే మనిషి. వనజ అది కూడా ఆలోచించలేదు.

"ఆ షాపు మెట్ల కాడ నీకేం పని?"

"సూసినవా?" లచ్చి మూట దించలేదు. "మన కంకి ఆడ బొమ్మకు తొడిగిండ్రు. నిన్ను అడుగుదామనే అచ్చిన. నువ్వు..."

"నన్నేం అడుగుతవ్? ఎన్ని దినాల సంది నడుస్తుంది ఇది?"

మూట విప్పమంది. విప్పకముందే తనే లాక్కొని బల్ల మీద దులిపింది. వేరేవాళ్ల గుడ్డలుంటాయనుకుంది. వనజ ఇచ్చిన ముక్కలు, ఒక రొట్టెల మూట, బస్సు టికెట్టు పడ్డాయి. అంతే. అయినా వనజ ఆగలేదు. డబ్బా ఇక్కడ పెట్టి పొమ్మంది. ఇక రానక్కర లేదంది. అంజలి కుర్చీ కొంచెం ముందుకు జరుపుకొని మరీ చూసింది.

లచ్చి బల్ల మీద చెల్లాచెదురైన ముక్కలను ఒక్కొక్కటే సాపు చేసి మడత పెట్టింది. డబ్బా వాటి మీద పెట్టింది. రొట్టెలు తన గుడ్డలో కట్టుకుంది.

"నేను ఇయ్యలే," అంది. అంతే అని, గుమ్మం దిగిపోయింది.

దుర్గవ్వ చాటలోంచి తల ఎత్తలేదు. బీడీకి దారం చుట్టి, కొస మడిచి అంది. "రొట్టెల మూట కూడ దులిపితివి గద కోడలా."

అది ముల్లులా గుచ్చుకుంది. గుచ్చుకున్నా వనజ పీకేసుకుంది. మోసం చేసినోళ్లకు లేని సిగ్గు మనకెందుకు అనుకుంది.

శనివారం అంజలి మళ్లీ వచ్చింది. చేతిలో కవరు. కవరు మీద పెద్ద షాపు పేరు. ఇక్కడ జరిగిన రచ్చ అంతా చూసి, ఆ జాకెట్టేదో చూద్దామని పోయి, చౌకగా ఉందని ఒకటి కొనుక్కుందట. పైగా సిగ్గు లేకుండా దాన్ని సరిచేయించుకోవడానికి వనజ దగ్గరికే తెచ్చింది. డిజైనంతా పైట కిందికే పోతున్నది, కనబడాల్సిన చెయ్యేమో బోడిగా ఉన్నది, దాని అంచుకేమో ఈ నల్లమచ్చ, చేతులు మార్చి కుట్టడానికి వస్తదా అని అడిగింది.

వనజ ఆ జాకెట్టును బల్ల మీద పరిచింది. కంకి ఎడమచేతికి ఉంది. దిష్టికుట్టు కుడిచేతికి ఉంది.

ఇదేంది? లచ్చి చెప్పి ఉంటే, లచ్చి ముక్కలు చూపించి ఉంటే, ఇట్లా ఎట్లా వస్తుంది? ఎడమచెయ్యి పైట కిందికి పోతుందని లచ్చికి తెలియదా? కుడివైపు దిష్టికుట్టు లచ్చి చావనైనా చస్తుంది గాని వేయదు. అంజలిని సోమవారం రమ్మని పంపించేసింది. బీరువాలోంచి తన జొన్నకంకి తీసి పక్కన పెట్టింది. కావాలని మార్చి చెప్పిందేమో అని, అప్పుడు కూడా, ఒక్క నిమిషం అనుకున్నది వనజ. అనుమానం అంత తొందరగా వదిలే జబ్బు కాదు.

తనది తొడుక్కొని నిలువుటద్దం ముందరికి పోయింది. కుడిచెయ్యి ఎత్తింది. అద్దంలో ఉన్న ఆడమనిషి ఎడమచెయ్యి ఎత్తింది. ఆ ఎడమచేతి మీద జొన్నకంకి తళతళమంటోంది.

వనజ ఫోను తీసింది. ప్రొఫైల్ ఫోటో తెరిచింది. వెనుక గోడకున్న క్యాలెండరు అంకెలు అటువి ఇటుగా, తిరగబడి ఉన్నాయి. పైట కుడిభుజం మీద ఉంది. నాలుగు వందల మంది చూశారు, తను వెయ్యిసార్లు చూసింది, ఒక్కసారి కూడా ఫోటోను చూడలేదు. కింద ఉన్న అంకెనే చూసింది. కంకి ఎడమచేతికి. నల్లకుట్టు కుడిచేతికి. మిషను మీద కూర్చున్నవాడు చేతులను పెద్దగా చేసి చూసినట్టున్నాడు, చీరె కట్టడంతో వాడికేం పని? ఉన్నది ఉన్నట్టు దించాడు. మచ్చను సైతం డిజైన్ అనుకున్నాడు.

ఇచ్చింది తనే. తన చేతులతోనే, తన మొఖంతో సహా.

ఆ ఫోటో తీసేసింది. పాత ఫోటోలన్నీ తీసేద్దామని మొదలుపెట్టింది. తీసేస్తే ఏముంది, పోయినవి పోనే పోయాయి. దిష్టి తగలకూడదని లచ్చి దాచిన కుట్టును తను ఊరూరికీ చూపించింది. బల్ల మీద డబ్బా ఉంది, గురువారం నుంచి ఎవరూ ముట్టలేదు. వనజకు ఏడుపొచ్చింది. దుర్గవ్వ చాట పక్కకు పెట్టి లేచి వచ్చింది. సంగతి విని, రేపు మొదటి బస్సుకు పొమ్మంది.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కింది. డబ్బా సంచిలో పెట్టుకొని, సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. తెలంగాణ వస్తదా రాదా అని బస్సంతా వాదులాడుతోంది. వనజ చెవికి ఏమీ ఎక్కలేదు. లింగంపేట దాటాక ఒకటి తట్టింది. ఈ నాలుగు వందల మందిలో తన దుకాణం మెట్టెక్కిన వాళ్లెవరు? ఎంత వెతికినా ఒక్క మొఖం గుర్తురాలేదు. వచ్చినవాళ్లంతా ఎవరి పెండ్లిలోనో ఎవరి ఒంటి మీదో జాకెట్టు చూసి, దారి అడుక్కుంటూ వచ్చినవాళ్లే. లచ్చి పనిని దగ్గరగా, కండ్లతో చూసినవాళ్లు.

ఎల్లారెడ్డిలో దిగి, నాగిరెడ్డిపేట రోడ్డు మీద ఆటోలో తండాకు పోయింది. తండా మొదట్లోనే ఒక లారీ ఆగి ఉంది. బియ్యం సంచులు, గిన్నెలు, మంచాలు, కోళ్ల గంపలు ఎక్కిస్తున్నారు. లచ్చి ఇంటి ముందర ఆమె భర్త దేవీసింగ్ చెరుకు నరికే కత్తులను గోనెపట్టలో చుడుతున్నాడు. వనజను చూసి తల ఊపాడు.

లచ్చి లోపలి నుంచి వచ్చింది. కోపమేమీ కనిపించలేదు, అదే వనజను భయపెట్టింది. మంచం వాల్చి కూర్చోమంది. చాయ పెట్టింది. వనజ గ్లాసు పట్టుకొని అంతా చెప్పింది. అద్దం సంగతి, ఫోటో సంగతి, నాలుగు వందల సంగతి. చెప్పి, తప్పు నాదే అక్కా అంది.

లచ్చి గిన్నెలు మూట కడుతూనే విన్నది. "నేనేమనుకున్ననో ఎర్కనా? నువ్వే గా షాపోల్లకు అమ్ముకున్నవనుకున్న. మిషన్ అచ్చింది, ఇగ మా చేతులతోని పనేమున్నది అనుకున్న. అడుగుదామని అచ్చిన. నువ్వు మూట దులిపినవ్. ఓహో, పంపియ్యనీకె గిట్ల చేస్తున్నదనుకున్న."

తను అనుమానించినట్టే తననూ ఒకరు అనుమానించగలరని వనజకు ఎన్నడూ తోచలేదు.

వెళ్లొద్దని బతిమిలాడింది. సంచిలోంచి డబ్బా తీసి మంచం మీద పెట్టింది. పెండ్లిళ్ల పని ఉంది, మనిషినిబట్టి కొత్తగా గీస్తాను, ఇక ఏదీ ఎక్కడా పెట్టను అంది. లచ్చి డబ్బా వంక చూసింది గాని ముట్టలేదు.

"మాటిచ్చినం చెల్లె. మొగోడు ఒక్కడు పోతే మేస్త్రి తీసుకోడు, జోడి ఉండాలె. ఇన్నేండ్లు సూది పని ఉన్నదని నేను పోలే, నేను పోలేదని ఈయన పోలే. ఇప్పుడు చెరుకు కోతకు పోతమన్నం. లారి అచ్చింది."

"మళ్ల ఎప్పుడొస్తవక్కా?"

"హోలి పోయినంక." డబ్బాను మంచం మీద నుంచి వేలితో వనజ దిక్కు జరిపింది. "ఇది తీస్కపో. పిల్లలు తెరిస్తె అద్దాలు పోతయి."

వనజ డబ్బా మళ్లీ సంచిలో పెట్టుకుంది. చెరుకు నరికి వచ్చాక ఈ వేళ్లు ఎట్లుంటాయి? సన్నసూది పట్టడానికి వంగుతాయా? తన నోటితో తనే ఈ వేళ్లను కత్తికి అప్పజెప్పింది. పక్కన కూర్చొని గిన్నెల మూటకు ముడి వేయడానికి చెయ్యి అందించింది. లచ్చి వద్దనలేదు.

మధ్యాహ్నానికి లారీ నిండింది. మగవాళ్లు అంచుల మీద, ఆడవాళ్లు మూటల మీద ఎక్కి కూర్చున్నారు. అందరి రవికెల మీద, ఓణీల మీద అద్దాలే. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేయగానే లారీ ఊగింది. అన్ని అద్దాలూ ఒక్కసారి ఎండను పట్టుకున్నాయి. అబ్బ, ఈ ఫోటో గనక పెడితే! కింద రాయాల్సిన మాట కూడా మనసులో తయారైపోయింది. వనజ చెయ్యి తనంతట తానే సంచిలోకి పోయింది. ఫోను దొరికింది కూడా.

పైనుంచి లచ్చి ఆ చేతినే చూస్తోంది. కాసేపు చూసి, మూటల మీద నుంచి కిందికి వంగి చెయ్యి చాపింది.

"ఇయ్యి తియ్యి. ఆడ పొద్దుగూకినంక ఊకెనే కూసునుడే గద."

వనజకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి మొఖమంతా వేడెక్కింది. సంచిలో ఫోనును వదిలేసింది. డబ్బా తీసి, మునివేళ్ల మీద లేచి పైకి అందించింది. లచ్చి దాన్ని ఒళ్లో పెట్టుకొని, మూత తీసి లోపల వేలితో కెలికింది.

"నల్లదారం ఉన్నదా ఇందుల?"

"ఉన్నదక్కా. అడుగున చూడు," అంది వనజ.

లచ్చి అడుగున చూసింది, మూత గట్టిగా అదిమి పెట్టింది, లారీ కదిలింది.